తల్లి వచ్చే దాకా ఆగాలి

చెవిటికల్లు: పత్తి చేలలో కుందేలు పిల్ల ఒంటరిగా కనబడితే, పాపమని ఇంటికి తెచ్చి గేదె పాలు పట్టడం పొరపాటు. ఆ పాలు దానికి పడవు. పైగా చాలాసార్లు అది తల్లి లేని పిల్ల కాదు. తల్లి పగలు దూరంగా ఉండి, చీకటిపడ్డాక వచ్చి పాలిస్తుంది.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. గ్రామస్థులు వాటిని కుక్కల బారినపడకుండా గదిలో ఉంచి అటవీశాఖకు కబురంపారు. అధికారులు ఎంత ప్రయత్నించినా తల్లిపులి జాడ చిక్కలేదు. చివరకు కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలించారు.

కుందేలు పిల్ల తల్లి మాత్రం దగ్గరలోనే ఉండవచ్చు. కనుక పిల్లను కదపక, కుక్కలను తరిమి, మరునాడు చూడాలి. గాయపడినా, తల్లి చనిపోయిందని తేలినా అట్టపెట్టెలో గుడ్డ పరిచి పడుకోబెట్టి, అటవీశాఖకు అప్పగించాలి. ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.