పిల్లల ప్రాజెక్టుకి అమ్మ అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

బయోటెక్నాలజీ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. "మా టీముకి మంచి ఐడియా కావాలమ్మా!" మనకేం తెలుసులే అని వంటింట్లోకి తప్పుకుంటాం. తప్పుకోనక్కర్లేదు.

సింథటిక్ బయాలజీ అంటే సూక్ష్మజీవుల జన్యువులు మార్చి, వాటిచేత కొత్త పని చేయించడం. పాలు తోడుపెట్టి సూక్ష్మజీవులచేత పని చేయించుకోవడం మనకు అలవాటే కదా! ఇందులో విద్యార్థి జట్లకు 'ఐజెమ్' అనే పోటీ ఉంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 2003లో చిన్న కోర్సుగా మొదలై, 2004లో 5 జట్ల పోటీ అయింది. ఇప్పుడు ఎన్నో దేశాల పిల్లలు పాల్గొంటున్నారు.

2006లో ఎం.ఐ.టి. జట్టు సూక్ష్మజీవులచేత అరటిపండు వాసన వచ్చేలా చేసింది. సరదా ఆలోచనే! అదే ఏడాది బ్రిటన్‌లోని ఎడిన్‌బరో జట్టు మంచినీళ్ళ గురించి ఆలోచించింది. బంగ్లాదేశ్‌లో, మన పశ్చిమ బెంగాల్‌లో చాలా బోరుబావుల నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉంది. దానికి రంగూ రుచీ ఉండవు. తల్లులు తెలియకనే బిడ్డలకు తాగిస్తారు. నీళ్ళలో ఆ విషం ఉంటే సూక్ష్మజీవి పుల్లటి ఆమ్లం తయారుచేస్తుంది, దాంతో సూచిక ద్రవం రంగు మారుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడదూ, అలాగన్నమాట.

ఐడియాలు వెతికే మొదటిరోజు ఎవరి మాటనూ నవ్వి తీసేయొద్దని చెప్పండి. అన్నీ కాగితం మీద రాయించి, మర్నాడు ఒక్కోదాన్నీ ఇలా అడగండి.

1. ఇది ఎవరి కష్టం తీరుస్తుంది? వాళ్ళని అడిగి చూశారా?

2. ఒక్క వేసవిలో అవుతుందా? మొత్తం కాకపోతే, ఏ చిన్న భాగం పూర్తిచేసి చూపించగలరు?

3. ఇంతకన్నా సులువైన దారి ముందే ఉందా? ఆర్సెనిక్‌కి రసాయన కిట్లున్నాయి. వాటిలో కొన్ని వాడేటప్పుడు విషవాయువు పుడుతుంది. మీది ఎందులో మేలు?

4. సూక్ష్మజీవి బయటపడితే? జన్యువులు మార్చిన జీవిని ప్రయోగశాల దాటించకూడదని ఐజెమ్ నియమం. బావి దగ్గర వాడాలంటే సీసాలో భద్రంగా బంధించాలి, ప్రభుత్వ అనుమతీ కావాలి.

ఒక్కో ప్రశ్నకి 5 మార్కులు వేయించండి. నాలుగోదానికి సున్నా వస్తే, మిగతావాటిలో ఎన్ని వచ్చినా ఆ ఐడియా పక్కన పెట్టాల్సిందే.

ఈసారి పిల్లలు అడిగితే, ఈ వారం ఇంట్లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టినవి నాలుగు చెప్పండి. బిందెలో నీళ్ళ దగ్గర్నుంచే మొదలుపెట్టండి!