విచారణ హద్దే జట్టు హద్దు



చదువుకో ఉద్యోగానికో ఐర్లండ్ వెళ్ళిన మన తెలుగు పిల్లలు చాలామంది డబ్లిన్ దాటి చూడరు. ఒక ఆదివారం బస్సెక్కి టిప్పరరీకో, క్లేర్‌కో, మేయోకో వెళ్ళి ఏదైనా పల్లెలో దిగితే వేరే ఐర్లండ్ కనబడుతుంది. ఒక గుడి, దాన్ని ఆనుకొని సమాధుల తోట, ఒక బడి, ఒకటో రెండో పబ్బులు, ఊరి చివర హెచ్ ఆకారపు గోలు స్తంభాలు నాటిన పచ్చని మైదానం. కొత్తగా వెళ్ళినవారు గుడిని భక్తికీ, మైదానాన్ని వినోదానికీ పంచి చూస్తారు. అక్కడివారు అలా పంచుకోలేదు. రెంటినీ కట్టి ఉంచిన తాడు ఒకటుంది. దాన్ని వారు పారిష్ అంటారు, మన కథోలికులు విచారణ అంటారు.

ఐర్లండ్ ద్వీపమంతటా 1,300కు పైగా కథోలిక విచారణలున్నాయి. పల్లెవాసిని నీది ఏ ఊరని అడిగితే తరచుగా విచారణ పేరే చెబుతాడు. అక్కడి సంప్రదాయ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, వాడుకలో జీఏఏ, తన క్లబ్బులను కూడా ఎక్కువగా ఈ హద్దుల మీదే కట్టుకుంది. పుట్టి పెరిగిన విచారణకే ఆడాలన్నది పల్లెల్లో పాతుకుపోయిన పద్ధతి. పక్క ఊరి జట్టు బాగుందని అటు దూకడం అంత తేలిక కాదు. జీతాల మాట అసలే లేదు. కౌంటీ జట్టుకు ఎంపికై వేలమంది ముందు ఆడినవాడు కూడా సోమవారం పొద్దున బడిలో పాఠం చెప్పడానికో, పాలు పితకడానికో వెళ్ళాల్సిందే.

ఈ సంఘం 1884 నవంబర్ 1న థర్లెస్ పట్టణంలోని హేయిస్ హోటల్లో పుట్టింది. మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు, మారిస్ డావిన్ అనే క్రీడాకారుడు, మరికొందరు కూర్చొని, బ్రిటిష్ పాలనలో మరుగున పడుతున్న సొంత ఆటలను నిలబెట్టాలనుకున్నారు. క్యాషెల్ అగ్రపీఠాధిపతి థామస్ క్రోక్ తొలి పోషకుల్లో ఒకరయ్యారు. పల్లెపల్లెనా అప్పటికే నిలబడి ఉన్న వ్యవస్థ విచారణే కాబట్టి, ఆట దాని భుజం మీద ఎక్కి దేశమంతా తిరిగింది. 82,300 మంది పట్టే డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ ఆ పీఠాధిపతి పేరు మీదిదే. 1920 నవంబర్ 21న బ్రిటిష్ బలగాలు అదే మైదానంలో కాల్పులు జరిపి 14 మందిని చంపాయి. వారిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఉన్నాడు.

ఒకప్పుడు ఫైనల్ ఆట మొదలుపెట్టే బంతిని పీఠాధిపతి విసిరేవారు. జట్టు నాయకులు మోకరించి ఆయన ఉంగరాన్ని ముద్దు పెట్టుకునేవారు. విచిత్రమేమంటే, గురువులు ఇలాంటి పెద్ద పోటీల్లో ఆడకూడదని చాలాకాలం తిరుసభ నిషేధం ఉండేది. ఆట మీద ప్రేమ చావక మారుపేర్లతో బరిలోకి దిగిన ఫాదర్లున్నారు! అలాగని ఇది కథోలికుల సొత్తని అనుకోనక్కరలేదు. ఫుట్‌బాల్ విజేతలకిచ్చే కప్పు శామ్ మగ్వైర్ పేరు మీదిది. ఆయన ప్రొటెస్టెంటు.

ఆటల్లో హర్లింగ్‌ను కళ్ళారా చూడాలి. మన హాకీకి దూరపు బంధువులా ఉంటుంది గానీ, ఇందులో బంతి నేల మీద కంటే గాలిలోనే ఎక్కువ ఉంటుంది. జట్టుకు 15 మంది. చేతిలో యాష్ చెట్టు కర్రతో చేసిన కమాన్. స్లిటర్ అనే చిన్న తోలు బంతిని దాని చివర నిలబెట్టుకొని పరుగెత్తుతారు, ఎగరేసి కొడతారు. చేత్తో పట్టుకుంటే నాలుగు అడుగులకు మించి వేయకూడదు. అడ్డు కర్ర కిందుగా వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. పైనుండి వెళితే ఒకటి. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినవారికి ఆ కంటి చూపు, చేతి వాటం ఎక్కడివో తెలుస్తాయి. స్త్రీలు ఆడే కమోగీతో కలిపి దీన్ని 2018లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

పల్లెల్లో ఆదివారం పూజ ముగిశాక గుమ్మం దగ్గర విచారణ వార్తాపత్రం తీసుకోండి. చనిపోయినవారి వర్ధంతి పూజలు, పెళ్ళి ప్రకటనలు, వాటి కిందే క్లబ్బు లాటరీ ఫలితమో, పిల్లల శిక్షణ వేళలో కనిపిస్తాయి. ఇంకో పాత ఆచారం స్టేషన్ మాస్. కథోలికులను అణచిన చట్టాల కాలంలో ఇళ్ళలో పూజ జరిగేది. ఆ అలవాటు కొన్ని చోట్ల ఇప్పటికీ మిగిలింది. వంతు వచ్చిన ఇంటివారు గోడలకు రంగు వేయించి, ఇరుగుపొరుగును పిలిచి, పూజ తరువాత భోజనం పెడతారు. మన గృహ ప్రార్థన కూటాలకు వెళ్ళేవారికి ఆ హడావిడి కొత్తగా అనిపించదు.

అయితే ఈ తాడు బలం నిజంగా తెలిసేది అంత్యక్రియల్లోనే. ఊళ్ళో ఎవరైనా పోతే క్లబ్బువాళ్ళు జట్టు చొక్కాలు వేసుకొని దారికి రెండు వైపులా నిలబడతారు. శవపేటిక మీద, జపమాల పక్కన, ఆ చొక్కానే మడిచి పెడతారు. వేసవిలో సమాధులను ఆశీర్వదించే ఆదివారం వస్తే ఎక్కడెక్కడి పిల్లలూ ఊరికి చేరతారు. నవంబర్‌లో మనం చేసుకునే సమాధుల పండుగ లాంటిదే.

మేయోవారిని అడిగితే ఒక కథ చెబుతారు. 1951లో ఫుట్‌బాల్ కప్పు గెలిచి వస్తూ వారి జట్టు ఒక అంతిమయాత్రకు మర్యాద ఇవ్వకుండా దాటిపోయిందట, గురువు శపించాడట. అది నిజమని నమ్మడానికి ఆధారం లేదు, శాపాలు పెట్టడం గురువుల పనీ కాదు. కానీ 1989 నుండి 2021 వరకు పదకొండు ఫైనళ్ళలో ఓడినవారికి ఏదో ఒక కారణం కావాలి కదా!

ఇంతకీ ఈ బంధానికి ఇప్పుడు ఏమవుతోంది? 1970ల మొదట్లో పదిమంది కథోలికుల్లో తొమ్మిదిమంది ప్రతి వారం పూజకు వెళ్ళేవారు. ఇప్పుడు పల్లె గుళ్ళలో కూడా తెల్ల తలలే ఎక్కువ. జనగణనలో కథోలికులమని చెప్పినవారు 2016లో 79 శాతం, 2022లో 69 శాతం. సంపద, చదువు మాత్రమే కారణాలని చెప్పుకోవడం తప్పించుకోవడమే. పిల్లలపై జరిగిన దురాగతాలను, వాటిని కప్పిపుచ్చిన తీరును 2009లో వచ్చిన రయాన్, మర్ఫీ నివేదికలు బయటపెట్టాయి. ఆ గాయం ఇంకా మానలేదు. గుడి పోగొట్టుకున్న నమ్మకాన్ని మైదానం తీసుకుందని కొందరంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. ఎందుకంటే మైదానం కూడా ఆ విచారణ పిల్లల మీదే ఆధారపడింది. పిల్లలు డబ్లిన్‌కో, ఆస్ట్రేలియాకో వెళ్ళిపోతే పూజకూ మనుషులుండరు, 15 మంది జట్టూ నిండదు.

అందుకే పశ్చిమ కౌంటీల్లో పక్కపక్క క్లబ్బులు, తరతరాల పోటీదారులు, పిల్లల జట్లను కలిపి ఆడిస్తున్నాయి. మేత్రాసనాలు నాలుగైదు విచారణలను ఒక గుంపుగా చేసి ఒకరిద్దరు గురువులకు అప్పగిస్తున్నాయి. ఆ గురువు కేరళ నుండో, నైజీరియా నుండో వచ్చినవారైనా ఆశ్చర్యం లేదు. ఒకప్పుడు ఈ పల్లెలే ఆ దేశాలకు మిషనరీలను పంపాయి. క్లబ్బులు కలిసిన చోట ఎవరి రంగు చొక్కా వేయాలన్నది చిక్కు. విచారణలు కలిసిన చోట ఆదివారం పూజ ఎవరి గుడిలో ఉంచాలన్నది చిక్కు. రెండు చోట్లా బల్ల చుట్టూ కూర్చుని వాదించుకునేది తరచుగా ఆ ఊరి మనుషులే.