మీకు తెలుసా? ఇంటికప్పు మీద మనకున్న అపోహలు

రాయలసీమలో మట్టి మిద్దెలున్నవాళ్లు తొలకరికి ముందే మిద్దెక్కి కొత్త చౌడు పరిచేవారు. చౌడులో సోడియం ఎక్కువ. వాన తగలగానే అందులోని సన్నటి బంకరేణువులు విడిపోయి సందులన్నిటినీ పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. పెంకుటిళ్లవాళ్లు ఎండాకాలంలోనే పగిలిన పెంకులు తీయించి కొత్తవి సర్దించేవారు. శ్లాబు ఇళ్లు వచ్చాక, ఏటేటా కప్పును చూసుకునే ఆ మంచి అలవాటు పోయింది. దాని చోట కొన్ని అపోహలు వచ్చి చేరాయి. అవి మన డబ్బునే కాదు, ఒక్కోసారి ప్రాణాలనూ ప్రమాదంలో పడేస్తాయి.

"శ్లాబు వేశాక ఇక చూడనక్కర్లేదు"

కాంక్రీటుకు క్షారగుణం చాలా ఎక్కువ. కొత్తలో దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టకుండా కాపాడేది ఆ క్షారమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి చొచ్చుకుపోతూ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. పీహెచ్ 9 దాకా పడిపోయాక తేమ తగిలితే చువ్వకు తుప్పు మొదలవుతుంది. తుప్పుకు, అది పుట్టిన ఇనుముకన్నా కనీసం రెండింతల చోటు కావాలి. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలి ఈ పనిని మరింత త్వరగా చేస్తుంది. అందుకే మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456, మామూలు వాతావరణంలో చువ్వకు కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ చాలంటూనే, తీర వాతావరణం నేరుగా తగిలే చోట 45 మిల్లీమీటర్లు ఉండాలంటుంది.

"పెచ్చులూడితే ప్లాస్టరింగ్ చేయిస్తే సరి"

పై పూత తుప్పును దాచిపెడుతుందే తప్ప ఆపదు. లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు కొత్త ప్లాస్టర్‌తో సహా పెద్ద పెచ్చు ఊడిపడుతుంది. వదులైన కాంక్రీటును చువ్వ చుట్టూ పూర్తిగా తీసేయాలి. తుప్పును మెరిసేదాకా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, ఆ తర్వాతే రిపేర్ మోర్టార్‌తో నింపాలి. చువ్వ బాగా సన్నబడిపోయి ఉంటే కొత్త చువ్వ జతచేయాలి. పైనుంచి నీరు దిగే దారిని మూయకుండా కింద ఎంత చేసినా ఫలితం నిలవదు.

"గదిలో మరక ఉన్నచోటే పైన చిల్లు ఉంటుంది"

చాలాసార్లు ఉండదు. శ్లాబుకూ పైనున్న సిమెంటు పూతకూ మధ్య నీరు వాటం ఉన్నవైపు పాకుతుంది. కరెంటు వైర్ల పైపుల్లో దూరి ఎక్కడో ఫ్యాను హుక్కు దగ్గర చుక్క రాలుస్తుంది. ముందుగా అనుమానించాల్సినవి పిట్టగోడ, శ్లాబు కలిసే మూల, పైపులు దిగే చోట్లు, నీళ్ల ట్యాంకు అడుగు, తూము అంచు. డాబాను భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో అంగుళం మేర నీళ్లు కట్టి ఒకటి రెండు రోజులు ఆగితే నీరు దిగుతున్న చోటు తెలిసిపోతుంది. అంగుళం నీరు చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది కాబట్టి, పెచ్చులూడుతున్న పాత శ్లాబు మీద ఈ పరీక్ష చేయకండి.

"పైన ఇంకో వరస సిమెంటు పోస్తే కారడం ఆగుతుంది"

అంగుళం మందాన సిమెంటు, ఇసుక పూత వేస్తే 100 గజాల డాబా మీద నాలుగు టన్నులకు పైగా బరువు పెరుగుతుంది. బలహీనపడిన శ్లాబుకు అదే ముప్పు. పైగా కాంక్రీటు ఎండకు సాగుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. 30 డిగ్రీల తేడా వస్తే 10 మీటర్ల పొడవున్న శ్లాబు సుమారు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. కదిలే పగులులో గట్టి సిమెంటు నింపితే మళ్లీ నెర్రె ఇస్తుంది. పగులును కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, సాగే గుణమున్న సీలెంట్ నింపడమే సరైన పద్ధతి.

"ఇంత డాబాకు ఒక్క తూము చాలు"

2020 అక్టోబరు 13, 14 తేదీల మధ్య 24 గంటల్లో హైదరాబాద్ బేగంపేటలో 191.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. ఆ లెక్కన ఒక్కో 100 గజాల డాబా మీద 16 వేల లీటర్లు పడ్డాయి. అంత నీరు ఒకే తూము గుండా పోవాలి, ఆ తూముకు ఎండుటాకులు అడ్డం పడితే డాబా చెరువవుతుంది. కనీసం రెండు తూములు, వాటికి జాలీలు, వాటివైపు ప్రతి పది అడుగులకు అంగుళానికి తగ్గని వాటం ఉండాలి.

"తెల్ల రంగు వేశాం కదా, వాటర్‌ఫ్రూఫింగ్ అయినట్టే"

రెండూ వేరువేరు పనులు. తెల్ల సున్నం, కూల్ రూఫ్ పెయింటు ఎండను వెనక్కి పంపి ఇంటిని చల్లబరుస్తాయి. ఇది ఎంతో మేలైన పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది. అయితే సున్నం పగుళ్లను మూయదు. నీటిని ఆపడానికి ప్రత్యేకమైన పూతే కావాలి. దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు కనుక ఎండాకాలానికి ముందు కడగాలి.

"వానలు పడ్డాక, కారితే చూద్దాం"

వాటర్‌ఫ్రూఫింగ్ పూతల్లో చాలావాటికి పొడి శ్లాబు కావాలి. తడి మీద వేస్తే పొక్కులు లేచి ఊడిపోతాయి. మార్చి నుంచి మే దాకా ఈ పనికి అదను. కంపెనీ పదేళ్ల వారంటీ ఇచ్చినా ఏటా చూసుకోవడం మానకూడదు.

"యాసిడ్ పోస్తే నాచు పోతుంది"

నాచుతోపాటు సిమెంటునూ యాసిడ్ తినేస్తుంది. గట్టి బ్రష్షు, నీళ్లు, బ్లీచింగ్ పౌడరు చాలు. వాటం సరిచేస్తే నాచు మళ్లీ పట్టదు.

"రావిమొక్కే కదా, కోసేస్తే పోతుంది"

పక్షులు వేసిన గింజ పిట్టగోడ పగులులో మొలకెత్తుతుంది. పైకొమ్మ కోస్తే వేరు లోపల ఇంకా లావెక్కి గోడను చీలుస్తుంది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా లాగి, ఆ పగులు మూసేయండి.

"మిద్దెతోట శ్లాబును పాడుచేస్తుంది"

పాడుచేసేది నిలిచిన నీరు. కుండీలను స్టాండ్ల మీద పెట్టి, కింద గాలి ఆడనిచ్చి, మట్టి తూముల్లోకి పోకుండా చూస్తే మిద్దెతోట హాయిగా పెంచుకోవచ్చు. బరువైన తొట్లను శ్లాబు మధ్యలో కాకుండా బీముల మీద ఉంచాలి.

"పెంకుటిల్లు కారితే కప్పంతా మార్చాల్సిందే"

1865లో బాసెల్ మిషన్ మంగళూరులో మొదలుపెట్టిన కర్మాగారం నుంచి మనదాకా వచ్చిన పెంకులివి. ఒకదానిలో ఒకటి ఇమిడేలా చేసినవి కాబట్టి పగిలినదాన్ని ఒక్కదాన్నే తీసి కొత్తది పెట్టవచ్చు. వాసాలు, దూలాలకు చెదపట్టిందేమో తప్పక చూడాలి. కలప చెడితేనే పెద్ద మరమ్మతు.

"పాత సిమెంటు రేకు పగిలితే తీసి పారేయడమే"

దయచేసి అలా చేయకండి. మన ఊళ్లలోని పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ పోగులుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఆస్‌బెస్టాస్‌ను క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. రేకును విరిచినా, కోసినా, రంధ్రం చేసినా, పొడిగా రుద్దినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. వాటివల్ల వచ్చే జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడవచ్చు. తీయాల్సి వస్తే ముందు నీళ్లతో తడిపి, ముక్కలు చేయకుండా దించాలి. పనివాళ్లకు పోగుల్ని ఆపే మాస్కు ఇవ్వాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. ఈ రేకులు పెళుసు. వాటి మీద నేరుగా కాలు పెట్టి కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. దూలాల మీద ఆనేలా పలకలు వేసుకుని వాటిమీదే నడవాలి.

"కొత్త శ్లాబుకు మూడు రోజులు నీళ్లు కడితే చాలు"

ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, మిశ్రమ సిమెంటుకూ ఎండ మండే రోజుల్లోనూ కనీసం పది రోజులు క్యూరింగ్ చేయాలి. మిశ్రమ సిమెంటుకు 14 రోజులు చేస్తే మరీ మంచిది. ఆ కొద్ది రోజుల్లో తగ్గించుకున్న శ్రమకు ముప్పై ఏళ్ల తర్వాత మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

"కారుతోందంటే శ్లాబు కొట్టేయాల్సిందే"

ఉరుపు ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. శ్లాబు కిందికి వంగినా, చాలాచోట్ల పెచ్చులూడి చువ్వలు సన్నబడినా, బీముల్లో పగుళ్లు వచ్చినా మేస్త్రీ మాట మీదే నిర్ణయం తీసుకోకండి. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. ముసలివాళ్లనూ పిల్లలనూ ముందుగా వేరే గదికి మార్చండి.

ఏటా మృగశిర కార్తె ప్రవేశించకముందే ఒక ఉదయం మీ డాబా ఎక్కండి. తూముల్లో చెత్త తీయండి, పిట్టగోడ మూలలు చూడండి, మొలిచిన మొక్కలు పీకండి, కొత్త పగుళ్లు గుర్తుపెట్టుకోండి. అద్దె ఇంట్లో ఉన్నా సరే, కనిపించిన లోపాన్ని ఇంటి యజమానికి చెప్పండి. చిన్న పగులుకు వేసవిలో చేయించే మరమ్మతు ఖర్చు, చువ్వ తుప్పు పట్టాక అయ్యే ఖర్చుకన్నా ఎంతో తక్కువ.