ధ్వనికి మేల్కొను మందు

రాయగడ స్టేషనులో విశాఖపట్నము పోవు రైలెక్కువారిలో, చేతిసంచిలో ఆసుపత్రి కాగితములు పెట్టుకొన్నవారు తరచుగా కనబడుదురు. వారిలో కొందరిది రాచపుండు. దానినే నేడు క్యాన్సరు అనుచున్నాము. ఆ వ్యాధిని గురించి సాగుచున్న ఒక పరిశోధనను తోటి విద్యార్థులకు తెలుపగోరి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

క్యాన్సరు మందుల చరిత్రలో మన తెలుగువాని పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా, వారి బృందము తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, వ్యాధి కొంతకాలము తగ్గుట చూచి 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. అయితే ఇట్టి మందులు నెత్తురుతోపాటు ఒడలంతయు తిరుగును. త్వరగా పెరుగు మంచి కణములను కూడ విడువవు. కావుననే రోగికి వెంట్రుకలు రాలును, నోరు పూయును, ఎముకల మూలుగ దెబ్బతినును. మందు ఒడలంతయు తిరిగినను వ్యాధియున్న చోటనే పనిచేయునట్లు చేయరాదా?

వెలుతురు తగిలిననే పనిచేయు మందులు మునుపే వచ్చినవి. కాని వెలుతురు మాంసములో సుమారు ఒక సెంటీమీటరుకు మించి పోజాలదు. శ్రీకాకుళము వైపు అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిలో వచ్చు పుండువంటి పైపై వ్యాధికి అది అందవచ్చును గాని, లోతుననున్న కాలేయమునకు అందదు. ధ్వని అందును.

సెకనుకు 20,000 కంపనములు మించిన ధ్వనిని మన చెవి వినలేదు. అవియే అతిధ్వనులు, గర్భిణీ స్త్రీలకు చేయు స్కానింగు వాటితోనే. సెకనుకు 10 లక్షల కంపనములుగల అతిధ్వని మాంసములో సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోవును. భాగించి చూడుడు, అల పొడవు ఒకటిన్నర మిల్లీమీటరే. కనుక భూతద్దము ఎండను కూర్చినట్లు దానిని కొద్ది మిల్లీమీటర్ల చోట కూర్చవచ్చును.

1989లో జపానులో యుమిటా, ఉమెమురా మొదలగువారు హెమటోపోర్ఫిరిన్ అను రంగుపదార్థమునకు అతిధ్వనిని జోడించగా, ధ్వని యొక్కటే చంపినదానికంటె ఎక్కువ క్యాన్సరు కణములు చచ్చినవి. తరువాత పరీక్షకు వచ్చినవానిలో టైటానియం డయాక్సైడు ఒకటి. గోడలకు వేయు తెల్లరంగులోనిది ఇదియే! మన కొరాపుట్ జిల్లా పంచపట్మలి బాక్సైటులోను టైటానియము కొద్దిగా కలదు. గంజాం జిల్లా ఛత్రపురము ఇసుకలోని ఇల్మనైటులో మిక్కుటముగా కలదు.

దీనిని మిల్లీమీటరులో పదివేలవ వంతుకంటె సన్నని రేణువులుగా చేయుదురు. అతిధ్వని తగులగా ద్రవములో సూక్ష్మమైన బుడగలు పుట్టి కూలును. కూలునప్పుడు క్షణకాలము గొప్ప వేడియు వెలుగును కలుగును. ఆ శక్తిచే రేణువులోని ఎలక్ట్రానులు కదలి, ప్రక్కనున్న నీటిని, ఆక్సిజనును చురుకైన రూపములుగా మార్చునని శాస్త్రజ్ఞులనేకులు చెప్పుచున్నారు. అవి దూరము పోలేవు. ఉన్నచోటి కణమునే చంపును. ధ్వని తగులని చోట రేణువు ఊరకుండును. అయితే కదలిన ఎలక్ట్రానులు వెంటనే స్వస్థానము చేరుచుండును. దానిని తగ్గించుటకు రేణువులకు బంగారమును, ప్లాటినమును అంటించి చూచుచున్నారు.

ఈ రేణువుల పరీక్షలు ఎక్కువగా ఎలుకలపైననే జరిగినవి. రేణువులు కాలేయములో, ప్లీహములో పేరుకొనుట ఒక చిక్కు. మందేమియు లేక కేవలము అతిధ్వనితో కాలేయపు గడ్డలను చిదుపు యంత్రమునకు మాత్రము 2023లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చినది. గాలి నిండిన ఊపిరితిత్తులు ధ్వనిని వెనుకకు త్రోసివేయును. పుర్రె యెముక దానిని చెదరగొట్టును. రైలులో పోవు మన రోగికి నేటికి దిక్కు శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు, సుబ్బారావుగారి నాటినుండి పెరుగుచు వచ్చిన మందులును.