యాట కోసే కత్తి: ఎందుకు తెగదు? ఎలా నూరాలి?

గుంతకల్లు వైపునుంచి ఒక కుర్రాడు అడిగాడు. "అన్నా, అమెరికావాళ్లు జింకను కొట్టినచోటే చర్మం ఒలిచి, పేగులు తీసి శుభ్రం చేసే వీడియోలు చూసినా. జింకను కోసేదానికి ఏ కత్తి మంచిది? మన దగ్గర దొరుకుతుందా?"

జింక సంగతి ముందే తేల్చేస్తాను. ఉరవకొండ చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో మందలుగా తిరిగే కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, పైన జరిమానా. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా ప్రకటించింది కూడా దాన్నే. పప్పుశనగ మొలకలు మేసి పోయినప్పుడు రైతుకు కడుపు మండుతుంది, కాదనను. కానీ ఆ మంటకు మందు కత్తి కాదు.

అయితే ప్రశ్న వృథా కాలేదు. మన భాషే దానికి దారి చూపించింది. వేట అంటే అడవిలో చేసే పనీ, ఊళ్లో కోసే పొట్టేలూ మేకపోతూ రెండూను. కోస్తాలో దుకాణం బోర్డు మీద 'వేట మాంసం' అని రాసుకుంటారు, మా సీమలో జాతర నాడు 'యాట కొట్టినారు' అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూఇటూగా వాన పడే ఈ అనంతపురం జిల్లాలో చేను ఎండినా మంద మిగులుతుంది. అందుకే ఇక్కడ గొర్రె బ్యాంకు ఖాతాలాంటిది. జింకైనా పొట్టేలైనా నాలుగు గదుల కడుపున్న జంతువే. బయట ఎండలో, వేపచెట్టు కింద, బల్లా కుళాయీ లేకుండా ఒలిచి కోసే పని కూడా ఒకటే. కాబట్టి జింకకు చెప్పాల్సిన కత్తి పాఠం పొట్టేలు మీద చెబుతున్నాను.

తొందర ఎందుకు?

గొర్రె ఒంటి వేడి 39 డిగ్రీలు. ప్రాణం పోయాక కూడా పెద్ద పొట్టలో మేత పులుస్తూనే ఉంటుంది, గాలి పుడుతూనే ఉంటుంది. బయట ఎండ నలభై. సూక్ష్మజీవులకు ఇంతకంటే పండగ ఏముంది? అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. కాబట్టి చర్మం, పేగులు ఎంత త్వరగా బయటికొస్తే మాంసం అంత బాగుంటుంది. మొండి కత్తి ఈ పనిని సాగదీస్తుంది. పైగా తెగకపోతే బలం పెడతాం. బలం పెట్టిన చెయ్యి జారితే కత్తి పోయేది పేగులోకో, ఎడమచేతి బొటనవేలిలోకో.

ఎంత పొడుగు కత్తి కావాలి?

జాతర కొడవలి చూసిన కళ్లకు చిన్న కత్తి ఆనదు. కానీ ఒలిచే పనికి పిడి కాకుండా నాలుగు, ఐదు అంగుళాల అలుగు చాలు. కారణం చెబుతాను. పొట్టేలును వెనక కాళ్ల మడమ నరాలకు తాడు వేసి కొమ్మకు వేలాడదీస్తారు. తొడల మధ్యనుంచి రొమ్ము ఎముక దాకా పొట్ట మీద గీత తియ్యాలి. మొదట చిన్న గాటు పెట్టి, ఎడమచేతి రెండు వేళ్లు లోపలికి దూర్చి, వాటిని 'వి' ఆకారంలో విడదీసి పొట్ట గోడను పైకి లాగుతారు. ఆ రెండు వేళ్ల సందున కత్తి, పదును బయటివైపుకు పెట్టి కిందికి జరుపుకుంటూ పోతారు. మొన వేళ్ల మధ్యే ఉంటుంది కాబట్టి పేగుకు తగలదు. ఎనిమిది అంగుళాల కత్తితో ఇది చేసి చూడండి, మొన ఎక్కడుందో మీకే తెలియదు. పేగు తెగితే పేడ, మూత్రపు సంచి తెగితే కంపు, చేదు తిత్తి తెగితే కార్జం అంతా చేదు. మూడూ నీళ్లతో కడిగితే పోయేవి కావు.

ఆకారానికి వస్తే, ఒలిచే కత్తికి మొన దగ్గర వంపు తిరిగిన పొట్ట ఉండాలి. చర్మానికీ మాంసానికీ మధ్య ఉండే తెల్లటి పొర మీద ఆ వంపును ఊయలలా ఆడిస్తే పొర వీడిపోతుంది. నిజానికి పొట్టేలు చర్మంలో సగం పిడికిలే ఒలుస్తుంది. కాలి దగ్గర చిన్న గాటు పెట్టి గాలి ఊది చర్మాన్ని ఉబ్బించేవాళ్లను మీరు చూసే ఉంటారు, అది కత్తి పనిని తగ్గించే కిటుకు. నోటితో ఊదే అలవాటు మాత్రం మానాలి, సైకిల్ పంపు ఉంది కదా.

కీళ్లు విడదియ్యడానికి సన్నటి అలుగున్న ఆరంగుళాల కత్తి ఇంకొకటి ఉంటే మంచిది. ఎముకలు కొట్టేది వేరే, బరువైనది, చింతమొద్దు మీద వాడేది. ఒక్క కత్తితో మూడు పనులూ చేస్తానని మొండికేసేవాళ్ల కత్తి మూడో పండక్కే రంపం అవుతుంది.

లారీ కమాన్ పట్టా కత్తి మంచిదా, స్టెయిన్‌లెస్ మంచిదా?

నా ఓటు కమాన్ పట్టాకే, ఒక షరతు మీద. లారీ కమాన్ ఉక్కులో కర్బనం అర శాతం పైచిలుకు ఉంటుంది. మంచి కమ్మరి దాన్ని కాగబెట్టి, అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా చేసి, ఇంకాస్త వేడెక్కించి నూనెలో ముంచుతాడు. అయస్కాంతం పట్టు వదిలేది 770 డిగ్రీల దగ్గర. ముంచగానే ఉక్కు గాజులా గట్టిపడుతుంది, పెళుసు కూడా అవుతుంది. ఆ పెళుసు పోవడానికి మళ్లీ 200 డిగ్రీల పైచిలుకు వేడిలో, గడ్డి రంగు వచ్చేదాకా కాచి వదులుతాడు. ఈ రెండో కాపు సరిగ్గా పడ్డ కత్తి చవకదైనా బంగారం. పడనిది పెళుసుగా ఉండి అంచు పెచ్చులూడుతుంది, లేదా మెత్తగా ఉండి ఒరిగిపోతుంది. నేను పెట్టిన షరతు ఇదే. కత్తి కొనేముందు కమ్మరిని అడగండి: "ముంచినాక మళ్లీ కాచినావా అన్నా?" మొహం చూస్తే తెలిసిపోతుంది.

తుప్పు దీని జబ్బు. నెత్తురులో ఉప్పు ఉంది, తడి ఉంది, గంటలో మచ్చ పడుతుంది. స్టెయిన్‌లెస్‌కు ఆ బాధ తక్కువ, కానీ పది రూపాయల వస్తువుల మధ్య అమ్మే మెత్తటి స్టెయిన్‌లెస్‌కు పదును ఎంత తొందరగా ఎక్కుతుందో అంతకంటే తొందరగా దిగుతుంది. కడగడానికి బద్ధకించే ఇంటికి కసాయివాళ్లు వాడే రకం మంచి స్టెయిన్‌లెస్ కొనండి. మిగతావాళ్లకు కొలిమి దగ్గరి కత్తే. యూరప్ వాళ్లు నోరెళ్లబెట్టి చూసిన 'వూట్జ్' ఉక్కు పేరు మన 'ఉక్కు' మాటనుంచే వెళ్లిందంటారు, దాన్ని మూసల్లో కాచిన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మన తెలుగు నేలదే. ఆ మాట అనుకుంటే కొంచెం గర్వంగా ఉంటుంది గానీ, అది కమాన్ పట్టా కత్తికి పదును పెట్టదు.

పిడి గురించి ఒకే మాట. కొవ్వు అంటిన చేతికి నున్నటి పాలిష్ పిడి సబ్బుబిళ్లతో సమానం. గరుకుగా ఉండాలి, అలుగు మొదట్లో వేలు ముందుకు జారకుండా చిన్న అడ్డు ఉండాలి.

బజారులో సాన పట్టించిన కత్తి రెండు రోజులకే ఎందుకు మొండి పడుతుంది?

ఇది నాకు జరిగింది. ఒక సంతలో కరెంటు చక్రం పెట్టుకున్న మనిషికి నా కత్తి ఇచ్చాను. నిప్పురవ్వలు దీపావళిలా రాలాయి. కత్తి చేతికొచ్చేసరికి కాగితం తెగుతోంది, నేను మురిసిపోయాను. మరుసటి ఆదివారం పొట్టేలు సగం ఒలిచేలోపే చచ్చిపోయింది. ఇంటికొచ్చి వెలుతురులో చూస్తే అంచు వెంట సన్నటి నీలిరంగు గీత ఉంది. అదే గుట్టు. గడ్డి రంగు దాటి నీలం వచ్చిందంటే అంచు 300 డిగ్రీల దాకా వేడెక్కినట్టు. కమ్మరి జాగ్రత్తగా కాచి ఇచ్చిన గట్టిదనం అక్కడితో పోతుంది. అంచు వెంట్రుక మందమే కాబట్టి చక్రం మీద రెండు సెకన్లు చాలు. ఇక ఎంత నూరినా ఆ నీలం భాగం అరిగిపోయేదాకా పదును నిలవదు. చక్రం దగ్గరికి తప్పక వెళ్లాల్సివస్తే పక్కన నీళ్ల డబ్బా పెట్టించి, ఒక్కో గీతకు ముంచమని చెప్పండి. అతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇంట్లో ఎలా నూరాలి?

వాకిట్లో బండరాయి మీద కొడవలి నూరడం మనందరం చూసిందే. అది పనిచేస్తుంది. బండలో ఉండే తెల్లటి పలుగురాయి ఉక్కుకంటే గట్టిది కాబట్టి గీస్తుంది. కానీ గింజలు ఎగుడుదిగుడు, గీతలు లోతుగా పడతాయి. గడ్డి కోసే కొడవలికి ఆ గరుకు చాలు, చర్మం ఒలిచే కత్తికి చాలదు. హార్డ్‌వేర్ దుకాణంలో ఒక పక్క గరుకు, ఒక పక్క నున్నన ఉండే కార్బొరండం రాయి దొరుకుతుంది. తడిగుడ్డ మీద పెట్టి కదలకుండా చూసుకోండి, నీళ్లు చల్లండి.

అసలు చిక్కంతా కోణం దగ్గరే. ఒలిచే కత్తికి ఒక్కో పక్క 20 డిగ్రీలు బాగుంటుంది. క్షవరం కత్తి ఇంతకంటే పలచన, కొట్టుడు కత్తి ఇంతకంటే మందం. ఇరవై డిగ్రీలు ఎలా తెలుస్తాయి? కాగితం మూలను ఒకసారి మడవండి, నలభై ఐదు. మళ్లీ మడవండి, ఇరవై రెండున్నర. ఆ మడతను రాయి మీద నిలబెట్టి కత్తిని దానికి ఆనించి చూసి, ఇంకో పిసరు దించండి. లెక్క కావాలంటే, మూడు సెంటీమీటర్ల వెడల్పు అలుగుకు వెన్ను రాయి మీంచి ఒక సెంటీమీటరు లేవాలి. చెయ్యి ఆ ఎత్తును అలవాటు చేసుకునేదాకా అంచు మీద స్కెచ్ పెన్‌తో రంగు పులమండి. ఒక్క గీత నూరి చూడండి. రంగు వాలు అంతటా, అంచు చివరిదాకా పోతే కోణం సరి. పైన పోయి అంచు దగ్గర మిగిలితే వెన్ను ఎత్తాలి. అంచున మాత్రమే గీరుకుపోతే మరీ ఎత్తారన్నమాట.

ఇప్పుడు గరుకు పక్కన, పిడి దగ్గరనుంచి మొనదాకా, పలచటి పొరను రాయి మీంచి కోసి తీస్తున్నట్టు ముందుకు తొయ్యండి. మొన వంపు దగ్గరికి వచ్చేసరికి పిడి కొద్దిగా ఎత్తాలి, లేకపోతే వంపు నూరుకోదు. ఎక్కువమంది కత్తి మొన మొండిగా ఉండేది ఇందుకే. ఒకే పక్క నూరుతూ పోండి. ఎందాకా? అవతలి పక్క వేలితో అంచుకు అడ్డంగా, బయటికి తుడిచినట్టు రాస్తే సన్నటి గరుకు తగిలేదాకా. నూరిన ఉక్కు అంచు దాటి అవతలికి మడత పడిందని దానర్థం. నేను దాన్ని మీసం అంటాను. పిడినుంచి మొనదాకా మీసం రాకుండా రెండో పక్కకు తిప్పితే కష్టమంతా బూడిదలో పోసినట్టే. నూరేవాళ్లలో నూటికి తొంభైమంది ఇక్కడే తొందరపడతారని నా అనుమానం.

మీసం వచ్చాక రెండో పక్క అలాగే, ఆ తర్వాత రాయి తిప్పి నున్నటి పక్కన, ఈసారి చేతి బలం తగ్గించి, కత్తి బరువుతోనే. చివర పక్కలు మార్చుకుంటూ పది గీతలు. ఇంకా మిగిలిన మీసాన్ని పాత తోలు పటకా మీద, అంచును వెనక్కి ఈడుస్తూ పోగొట్టాలి. ముందుకు తోస్తే పటకా తెగుతుంది.

పదును చూడటానికి బొటనవేలితో అంచు నిమరడం మన అలవాటు. వద్దు. దీపం కింద అంచును కంటికి ఎదురుగా పట్టుకోండి. పదునైన అంచు కనబడదు, మొండి చోటు తెల్లటి చుక్కలా మెరుస్తుంది. ఎక్కడ మెరిస్తే అక్కడ మళ్లీ నూరడం. తర్వాత నిన్నటి దినపత్రికను గాల్లో పట్టుకుని కోయండి.

ఇంత నూరినా పని మధ్యలో ఎందుకు మొద్దుబారుతుంది?

బొచ్చు వల్ల. అనంతపురం గొర్రె ఒంటినిండా ఎర్రమట్టి దుమ్ము, ఇసుక. పైనుంచి చర్మం కోస్తే ప్రతి గాటుకూ కత్తిని ఇసుక మీద రుద్దినట్టే. అందుకే మొదటి గాటు పెట్టాక కత్తిని చర్మం కిందికి దూర్చి, పదును ఆకాశం వైపు పెట్టి లోపలినుంచి బయటికి కోయాలి. బొచ్చు తెగదు, విడిపోతుంది. మాంసానికి బొచ్చు అంటదు. ఒక పాత కసాయి ఈ మాటనే నాకు అర వాక్యంలో చెప్పాడు: "లోపలినుంచి కొయ్యప్పా, బొచ్చు నీది కాదు."

రెండో కారణం ఎముక. కీలు తెలిస్తే ఎముక కోయక్కర్లేదు. కాలిని ఆడించి ఎక్కడ మడత పడుతుందో వేలితో వెతికి, ఆ సందులో మొన పెడితే వెన్నలా వీడుతుంది. మధ్యలో పదును తగ్గితే రాయికి పరిగెత్తకండి, చాలాసార్లు అంచు అరగలేదు, ఒరిగింది అంతే. ఉక్కు కడ్డీ మీద రెండు పక్కలా నాలుగేసి సార్లు తేలిగ్గా లాగితే నిలబడుతుంది. కడ్డీ లేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు లేని ఉంగరం ఉంటుంది, అది ఉక్కుకంటే గట్టిది.

డల్లాస్‌లో ఉన్న మా బావ లైసెన్స్ తీసుకుని జింక వేటకు పోతాడు. ఇదే కత్తి సరిపోతుందా?

సరిపోతుంది. పని ఒకటే అన్నాను కదా. ఒక్క తేడా ఉంది. అక్కడి జింకల్లో మెదడును తినేసే ఒక జబ్బు తిరుగుతోంది. 1967లో కొలరాడోలో మొదట కనిపెట్టారు, టెక్సాస్‌లో 2012లో బయటపడింది. మనుషులకు అంటినట్టు రుజువు లేదు. అయినా అక్కడి శాఖలు చేతికి తొడుగులు వేసుకోమనీ, వెన్నుపాము, మెదడు కోయకుండా మాంసాన్ని ఎముకనుంచి విడదియ్యమనీ చెబుతాయి. ఆ జబ్బు కారకం నీళ్లు కాచినా చావదు. కత్తిని ముందు శుభ్రంగా తోమి, నూటికి నలభై పాళ్లు బ్లీచ్ కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచాలి. కమాన్ పట్టా కత్తికి బ్లీచ్ విషం, తుప్పు పట్టిస్తుంది. బావగారిని అక్కడ స్టెయిన్‌లెస్ కొనుక్కోమనండి.

పని అయ్యాక?

ముందు చన్నీళ్లు. వేడినీళ్లు పోస్తే నెత్తురు ఉడికి అలుగుకు అంటుకుపోతుంది. చన్నీళ్లతో కడిగాకే సబ్బు, వేడినీళ్లు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఐదు నిమిషాలు. తర్వాత నూనె. మన ఇళ్లలో చేతికందేది శనగనూనె. అది పలచగా రాస్తే పర్వాలేదు, మందంగా రాసి నెలల తరబడి వదిలేస్తే జిగురవుతుంది. కొబ్బరినూనె మేలు. తోలు ఒరలో పెట్టి దాచకండి. తోలు తడిని పట్టుకుంటుంది, తోలు శుద్ధికి వాడిన ఆమ్లాలు అలుగును తింటాయి. నూనె గుడ్డలో చుట్టి, పిల్లలకందని అటకమీద పెట్టండి. వచ్చే పండక్కి తీసేటప్పుడు గుడ్డ విప్పకముందే అంచు ఎటువైపు ఉందో తెలియాలి కాబట్టి, వెన్నువైపు గుడ్డకు ఒక ఎర్రదారం కట్టి ఉంచండి.