నలభై దాటిన ఇల్లాలి ఆరోగ్యం - కారణం తెలిసిన పిమ్మటే చికిత్స

యంత్రం అసాధారణంగా మోగుతుంటే విననట్లు ఊరుకొనే ఇంజనీరు ఉండడు. అలాగని కారణం వెదకకుండా యంత్రాన్నే తుక్కులో పడవేసేవాడూ ఉండడు. మానవ శరీరం యంత్రం కంటే ఎంతో విలువైనది. అయినా దాని విషయంలో ఈ రెండు పొరపాట్లూ మన ఇళ్ళలో తరచు జరుగుతున్నాయి. నలభై దాటిన ఇల్లాలికి నెలసరి క్రమం తప్పి రక్తస్రావం అధికమైతే, కొందరు "ఈ వయసులో మామూలే" అని సరిపెట్టుకొంటారు. మరికొందరు ఏకంగా గర్భసంచి తీయించుకోవడానికి సిద్ధపడతారు.

ఎందుకిలా జరుగుతుంది?

వరుసగా పన్నెండు మాసాలు బహిష్టు రాకపోతే దానిని రజోనివృత్తి అంటారు. భారతీయ స్త్రీలకు ఇది సగటున 46, 47 ఏళ్ళ వయసులో సంభవిస్తుంది. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే అండం విడుదల క్రమం తప్పుతుంది. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ తగినంత తయారు కాదు. ఈస్ట్రోజన్ ప్రభావం మాత్రం కొనసాగుతుంది. అందువల్ల గర్భాశయపు లోపలి పొర మందంగా పెరిగి, వేళాపాళా లేకుండా రాలిపోతూ రక్తస్రావం కలిగిస్తుంది.

అయితే కారణం ఇదొక్కటే కాదు. అంతర్జాతీయ స్త్రీరోగ, ప్రసూతి వైద్యుల సమాఖ్య 2011లో ఈ కారణాలను తొమ్మిది వర్గాలుగా విభజించింది. పాలిప్‌లు, ఫైబ్రాయిడ్ గడ్డలు, లోపలి పొర గర్భాశయ కండరంలోకి చొచ్చుకుపోవడం, క్యాన్సర్ లేదా దాని పూర్వదశ అందులో కొన్ని. రక్తం గడ్డకట్టడంలో లోపం, కొన్ని మందుల ప్రభావం మరికొన్ని. లక్షణం ఒకటే అయినా కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది.

ఎప్పుడు వైద్యులను సంప్రదించాలి?

రక్తస్రావం ఎనిమిది రోజులు దాటినా, 24 రోజులు నిండకుండానే మళ్ళీ బహిష్టు వచ్చినా, గంటకొక నాప్కిన్ మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా, నెలసరుల నడుమ గాని దాంపత్యం తరువాత గాని రక్తం కనిపించినా ఆలస్యం చేయరాదు. రజోనివృత్తి తరువాత ఒక్క చుక్క కనిపించినా పరీక్ష తప్పనిసరి.

హీమోగ్లోబిన్, థైరాయిడ్, గర్భనిర్ధారణ పరీక్షలు, స్కానింగ్ మొదట చేస్తారు. 45 ఏళ్ళు దాటినవారికి, స్థూలకాయం, మధుమేహం ఉన్నవారికి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం ముఖ్యం. క్యాన్సర్ ఆరంభంలోనే పట్టుబడితే నయమయ్యే అవకాశాలు ఎంతో ఎక్కువ. హీమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. ఇంట్లో ఆమె "ఊరికే అలసిపోతున్నాను" అంటే, అది పనిభారమేనని తేల్చివేయవద్దు.

తెలుగునాట గర్భసంచి ఆపరేషన్లు

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశంలో నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 మంది. అధిక రక్తస్రావం, నొప్పి అన్నవే ప్రధాన కారణాలుగా నమోదయ్యాయి. వసంత్ కుంజ్‌లోని మన తెలుగు కుటుంబాలలోనూ "సెలవుల్లో ఊరికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకొని వస్తాను" అనే మాట వినబడుతుంది. ఇక్కడికి సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, దాని ఎదుటనే ఉన్న ఎయిమ్స్ దూరం కావు. ప్రయాణానికి ముందే పరీక్షలు ముగించుకోవచ్చు.

క్యాన్సర్ ఉన్నప్పుడు, ఇతర చికిత్సలు ఫలించనప్పుడు శస్త్రచికిత్స అవసరమే. కాని చాలామందికి రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్, హార్మోను మాత్రలు, గర్భాశయంలో అమర్చే లెవోనార్జెస్ట్రెల్ సాధనం ఉపకరిస్తాయి. పాలిప్‌ను మాత్రమే తొలగించవచ్చు. అండాశయాలను ముందుగానే తీసివేస్తే ఎముకలు పెళుసుబారే ప్రమాదం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతాయి.

నిర్ణయం ఎవరిది?

1995 మే నెలలో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత తొమ్మిది రోజులుగా ఆగని రక్తస్రావంతో ఒక క్లినిక్‌కు వెళ్ళారు. మరునాడు లాపరోస్కోపీ పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆమె స్పృహలో లేని వేళ తల్లి అనుమతి తీసుకొని గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించారు. సమీరా కోహ్లీ కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పునిచ్చింది. ప్రాణాపాయ స్థితి లేనప్పుడు, వయోజనురాలైన రోగి సమ్మతికి తల్లి సమ్మతి ప్రత్యామ్నాయం కాజాలదని చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం రాష్ట్రాలను ఆదేశించింది.

తల్లి సంతకానికి వర్తించిన న్యాయమే భర్త సంతకానికీ వర్తిస్తుంది. కాబట్టి సోదర ఉద్యోగులకు నా విన్నపం: ఆసుపత్రికి ఆమె వెంట వెళ్ళండి. కారణమేమిటి, వేరే మార్గమున్నదా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. జవాబులు ఆమెను విననివ్వండి. సోదరీమణులారా, నెలసరి తేదీలను, రోజుల లెక్కను ఒక పుస్తకంలో వ్రాసుకొని వైద్యులకు చూపండి. ఇంటిల్లిపాది ఆరోగ్యాన్ని కనిపెట్టుకొని ఉండే మీరు మీ ఆరోగ్యాన్ని చివరికి వాయిదా వేయవద్దు.