గెలిచిన వాదం - పోయిన కరివేపాకు

"వాదంలో గెలిచారుగా! ఇక కరివేపాకు బజార్లో కొనుక్కు రండి" అంది మా ఆవిడ.

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. మా ఇంటికీ పక్కింటి పంతులుగారి ఇంటికీ మధ్య ఉన్నది నడుమెత్తు పిట్టగోడ. ఇరవయ్యేళ్ళుగా ఆ గోడమీదుగా వాళ్ళ పెరటి కరివేపాకు మా పోపులోకి వచ్చేది. మా చెట్టు నిమ్మకాయలు వాళ్ళ పులిహోరలోకి వెళ్ళేవి. సంక్రాంతికి వాళ్ళ అరిసెలు మాకు వచ్చేవి. క్రిస్మసుకు మా ఆవిడ వాళ్ళకోసం గుడ్డు వెయ్యకుండా విడిగా కేకు చేసి పంపేది. పంతులుగారూ నేనూ ఇద్దరం తెలుగు మేష్టర్లుగా చేసి రిటైరైనవాళ్ళమే. ఆయనకు నిత్యం సంధ్యావందనం, నాకు ఆదివారం చర్చి. ఏనాడూ పేచీ లేదు.

పేచీని సెల్‌ఫోను తెచ్చిపెట్టింది. ఒక సాయంత్రం అరుగుమీద కూర్చుని ఉండగా పంతులుగారు తన ఫోను నాకు చూపించారు. ఎవరో పంపిన వీడియో. క్రైస్తవుల్ని తిట్టిపోసే వీడియో. "ఇందులో నిజమెంత మేష్టారూ?" అన్నారు.

అడిగారు, అంతే. నేను మాత్రం కోర్టులో వకీలులాగా లేచాను. నా ఫోనులో మాత్రం అలాంటి సరుకుకు కొదవా? నేనూ ఒకటి తీసి చూపించాను. ఆయన ఒకటంటే నేను పదన్నాను. చివరికి ఆయన చేసుకునే పూజను ఎగతాళి చేశాను. పంతులుగారు చెప్పులు తొడుక్కుని, "వస్తాను మేష్టారూ" అని వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు గర్వంగానే ఉంది. ప్రభువు పక్షాన నిలబడ్డానని పొంగిపోయాను. మన నమ్మకానికి కారణమేమిటని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలిగి ఉండాలని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు కదా! నేను చెప్పాను కదా! అయితే ఆ జవాబు సాత్వికంగానూ, గౌరవంగానూ ఉండాలని ఆయన అక్కడే ఒక షరతు పెట్టాడు. మందుసీసా మీది చీటీ సగం చదివి మందు మింగినవాడి పని అయింది నాది.

నెల తిరిగింది. ఏమీ తోచక అలమార సర్దుతుంటే స్టాన్లీ జోన్స్ పుస్తకం చేతికి తగిలింది. 1925లో వచ్చిన 'ది క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్'. ఈయన అమెరికానుంచి 1907లో లక్నో వచ్చిన మెథడిస్టు మిషనరీ. చదువుకున్న హిందువులకూ, ముస్లిములకూ ఊరూరా ఉపన్యాసాలిచ్చేవారు. అధ్యక్షపీఠం మీద ఆ ఊరి క్రైస్తవేతర ప్రముఖుణ్ణే కూర్చోబెట్టేవారు. ఎవరి మతాన్నీ దూషించబోనని ముందుగానే చాటేవారు. ఉపన్యాసం కాగానే ఎవరేమడిగినా జవాబు చెప్పేవారు.

అంతటివాడు ఒకసారి గాంధీగారినే సలహా అడిగారు: క్రైస్తవం ఈ దేశానికి పరాయిది కాకుండా ఉండాలంటే మేమేం చెయ్యాలి? గాంధీగారు నాలుగు సంగతులు చెప్పారు. క్రైస్తవులు క్రీస్తులా బతకాలి. మతాన్ని నీళ్ళు కలపకుండా ఆచరించాలి. ప్రేమకే పెద్దపీట వెయ్యాలి. ఇతర మతాలను సానుభూతితో చదివి వాటిలోని మంచిని తెలుసుకోవాలి. చూశారా, మీ మతం వదులుకోండి అనలేదాయన. ఇంకా గట్టిగా పట్టుకొమ్మన్నారు.

తర్వాత జోన్స్ 'రౌండ్ టేబుల్' సమావేశాలు పెట్టారు. ఆ విశేషాలతో 1928లో మరో పుస్తకం వచ్చింది. అక్కడ క్రైస్తవులు కొద్దిమందే, ఇతర మతాలవాళ్ళే ఎక్కువ. వాదించకూడదు, ఎవరినీ నెగ్గాలని చూడకూడదు. నా మతం నా బతుకులో నాకేమిచ్చింది - అది మాత్రం చెప్పుకోవాలి. ఎదుటివాళ్ళు చెబితే వినాలి. అదీ నియమం.

ఆ నియమాన్ని మా అరుగుమీదికి తెచ్చి చూసుకున్నాను. మా అమ్మ పోయినప్పుడు నాకు ఓదార్పు ఎక్కడ దొరికిందో ఇరవయ్యేళ్ళలో ఒక్కనాడైనా పంతులుగారికి చెప్పానా? తెల్లవారుజామున సంధ్య వారుస్తున్నప్పుడు ఆయన మనసులో ఏముంటుందో ఒక్కనాడైనా అడిగానా? అరిసెలు తిన్నాను, అంతే!

యోహాను సువార్తలో సమరయ బావి కథ ఉంది. యూదులకూ సమరయులకూ పొత్తులేని రోజులవి. నడిచి అలసిపోయిన యేసు, నీళ్ళకు వచ్చిన సమరయ స్త్రీతో మొదట చేసింది బోధ కాదు. దాహానికి నీళ్ళడిగాడు. అడిగేవాడి చెయ్యి కిందే ఉంటుంది. ఆయన తన చెయ్యి కింద పెట్టి మాట మొదలుపెట్టాడు. చిన్నప్పటినుంచి వింటున్న కథే. ఇంత చిన్న సంగతి నాకిన్నాళ్ళూ కనబడలేదు.

గిన్నె పట్టుకుని పిట్టగోడ దగ్గరకు వెళ్ళాను.

"పంతులుగారూ, నాలుగు రెబ్బలు కరివేపాకు కావాలండీ" అన్నాను. "ఆ రోజు మీ పూజను ఎగతాళి చేశాను. తప్పు నాది. క్షమించండి."

ఆయన చాలాసేపు పలకలేదు. కొమ్మ వంచి, ముదురాకు వదిలేసి, లేతరెబ్బలు ఏరి కోసి గిన్నెలో వేశారు.

"ఆ వీడియో నేనెవరికీ పంపలేదు మేష్టారూ" అన్నారు మెల్లగా. "మీరైతే నిజం చెబుతారుగదా అని అడిగాను."

నా తల వాలిపోయింది. ఆయన నన్ను నమ్మి అడిగితే, నేనాయన్ను శత్రువనుకున్నాను.

మునుపటి చనువు ఇంకా పూర్తిగా రాలేదు. ఈ కాలంలో మీ ఇంటి చుట్టుపక్కలా, మీ బంధువుల్లోనూ ఇలాంటి గోడలు లేచే ఉంటాయి. కొన్ని సంగతుల్లో మా ఇద్దరికీ ఇప్పటికీ పొసగదు. నేను చర్చి మానలేదు, ఆయన సంధ్య మానలేదు. కాని మళ్ళీ అరుగుమీద కూర్చుంటున్నాం. అమ్మ సంగతి మొన్ననే ఆయనకు చెప్పాను. సంధ్య సంగతి ఆయన చెబుతుంటే విన్నాను, మధ్యలో అడ్డు తగలకుండా.

ఆనాడు కరివేపాకు గిన్నె వంటింట్లో పెడితే మా ఆవిడ ఏమీ అనలేదు. పెరట్లోకి వెళ్ళి నాలుగు నిమ్మకాయలు కోసి నా చేతిలో పెట్టింది.

"ఊరికే నిలబడ్డారేం? ఇచ్చి రండి" అంది.